సణగొద్దన్న టీచరమ్మకి కష్టాలెవరు చెబుతారు?

దేవుని నామానికి మహిమ కలుగును గాక. మనం అడగకముందే మన అక్కర ఎరిగినవాడు, అయినా మన నోటితో అడిగించుకుని ఓపికగా వినేవాడు ఆయన. మాట్లాడే నోరు ఇచ్చినందుకు చాలామంది ఆయనను స్తుతిస్తారు. నా జీతం వినడం మీద ఆధారపడింది కాబట్టి, ఈ రెండు చెవులు ఇచ్చినందుకు నేను ప్రత్యేకంగా స్తుతిస్తాను. ఆ చెవులు నాకున్నా వాటితో వినడం రాదని తెలిసింది ఒక మిర్చి షెడ్డులో. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

అది 2023 మార్చి. మా గుంటూరు చుట్టుపక్కల ఆ నెలలో ఏ ఊరి పొలిమేర దాటినా ముందు తుమ్ము వస్తుంది, తరువాత ఊరు కనిపిస్తుంది. నేను గుంటూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. పని చేసుకునేవాళ్లకు పనికొచ్చే వస్తువులు తయారు చేయడం మా కంపెనీ పని. అంతకుముందు నేను బొమ్మలు గీసేదాన్ని, అంటే తయారయ్యే వస్తువు ఎలా ఉండాలో కంప్యూటర్ మీద గీసి ఇచ్చేదాన్ని. ఆ ఏడాదే నన్ను యూజర్ రీసెర్చ్‌లోకి మార్చారు. వస్తువు తయారు చేయకముందే దాన్ని వాడబోయేవాళ్ల దగ్గరకు వెళ్లి, వాళ్లతో మాట్లాడి, వాళ్లకు నిజంగా కావలసిందేమిటో తెలుసుకుని రావడం ఆ పని. ఆ మాట్లాడడాన్ని యూజర్ ఇంటర్వ్యూ అంటారు. చూసేవాళ్లకు అరుగు మీద కబుర్లలాగే ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ పని నాకు నేర్పింది మా కంపెనీలోనే పనిచేసే నజీర్ అన్న. వాళ్ల నాన్నగారికి గుంటూరులో గాజుల కొట్టు ఉండేది. ఇంటర్వ్యూ చేయడం తాను కాలేజీలో కాదు, ఆ కొట్టులో నేర్చుకున్నానని చెప్పేవాడు.

"ఏ సైజు కావాలమ్మా అని అడిగితే ప్రతి ఆడమనిషీ ఒక సైజు తగ్గించే చెబుతుంది చెల్లెమ్మా. అందుకని మా నాన్న సైజు అడిగేవాడే కాదు. పోయినసారి వేయించుకున్న గాజులు ఏమయ్యాయమ్మా అని అడిగేవాడు. ఎక్కేటప్పుడే రెండు పగిలాయనో, మోచేతి దాకా జారిపోతున్నాయనో వాళ్లే చెప్పేవాళ్లు. ఇంకేం కావాలి?"

నేను నవ్వాను. గాజులకూ నా పనికీ సంబంధం ఏమిటని అనుకున్నాను.

నాకు అప్పగించిన మొదటి పని మిర్చి గ్లౌజులు. ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు మండుతాయి కదా, వాళ్ల కోసం పల్చటి గ్లౌజులు చేయాలని మా వెంకట్ గారి ఆలోచన. కంపెనీ ఆయనదే. కొన్ని శాంపిల్ జతలు చేయించారు. ఆ ఆడవాళ్లకు ఏం కావాలో నేను తెలుసుకుని వస్తే, నెలాఖరుకు గ్లౌజులు పోసే అచ్చులకు ఆర్డర్ ఇవ్వాలా వద్దా తేలుస్తారు. నేను వెళ్లవలసిన మిర్చి షెడ్డు ఎక్కడో కాదు, నా పుట్టిల్లు ప్రత్తిపాడులోనే. నేను నల్లపాడులో కాపురముంటున్నా, ప్రతి శుక్రవారం ప్రత్తిపాడు వెళ్లి మా చర్చి సంఘంలో స్త్రీల ప్రార్థన కూడిక నడుపుతాను. ఆ షెడ్డులో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆ కూడికకు వచ్చేవాళ్లే.

"అందరూ మావాళ్లే అన్నా. నాకు కాక ఇంకెవరికి చెబుతారు?" అన్నాను గర్వంగా.

"మీవాళ్లా? అయితే జాగ్రత్తమ్మా" అన్నాడు నజీర్ అన్న.

నేను గ్లౌజుల కోసం వెళ్లాను. ఒక అమ్మమ్మ తన మనవరాలిని చేతుల్లోకి తీసుకోగలదా లేదా అన్న సంగతి అక్కడ నా కోసం కూర్చుని ఉందని నాకు తెలియదు.

సోమవారం పొద్దున్నే షెడ్డుకు వెళ్లాను. ఎర్రటి కుప్పల మధ్య, ముక్కులకు కొంగులు కట్టుకుని అందరూ వరుసగా కూర్చున్నారు. మధ్యలో దేవకరుణమ్మ గారు. మా సంఘంలో పాట ఎత్తుకునేది ఆవిడే. పక్కనే మస్తానమ్మ, మా సంఘం మనిషి కాదు గానీ మా సంఘంలో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో మాకన్నా ఆవిడకే బాగా తెలుసు. వాళ్ల అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను.

"పిన్ని గారూ, ఈ పనిలో మీకు కష్టం ఏంటండి?"

"కష్టమా? ఏం కష్టం లేదమ్మా" అన్నారు దేవకరుణమ్మ గారు. "ప్రభువు చేతులిచ్చాడు, చేతులకి పనిచ్చాడు. స్తోత్రం."

"చేతులు మండవా మరి?"

"మిరపక్కాయలు మండక చల్లగుంటయ్యా? ఆయన కృప చాలమ్మా."

వరుసంతా "ఆమేన్" అంది.

గ్లౌజులు పంచాను. బాగున్నాయా అని అడిగితే బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. వాడతారా అంటే ఎందుకు వాడమన్నారు. ఒక్క మస్తానమ్మ మాత్రం తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుకుంటోంది. నేను పట్టించుకోలేదు. మనసు నిండిపోయింది. ఇంత సులువైన పనికి జీతం కూడా ఇస్తున్నారే అనుకున్నాను.

లేవబోతుంటే దేవకరుణమ్మ గారు శుభవార్త చెప్పారు. పురిటికి వచ్చిన కూతురు రూతుకు ఆడపిల్ల పుట్టిన సంగతి నాకు ముందే తెలుసు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఆ బిడ్డను మందిరంలో దేవునికి ప్రతిష్ఠిస్తారట. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతిష్ఠ రోజున బిడ్డను గుమ్మం దగ్గర నుంచి పాస్టరు గారి దాకా ఎత్తుకుని నడిచేది తల్లి కాదు, అమ్మమ్మ.

"అయితే ఆ రోజు మీదే నడక పిన్ని గారూ!" అన్నాను.

"చూద్దాం అమ్మా. దేవుని చిత్తం" అని ఆవిడ మళ్లీ మిరపకాయ అందుకున్నారు. ఏ పాటనైనా అందరికన్నా ముందు ఎత్తుకునే మనిషి, ఆ మాటను అంత చిన్న గొంతుతో అన్నారు. అది విన్నాను గానీ వినిపించుకోలేదు.

గురువారం మళ్లీ వెళ్తే ఒక్క చేతికీ గ్లౌజు లేదు. ఏమయ్యాయని అడిగాను. ఒకామె ట్రంకుపెట్టెలో దాచింది, కొత్తవి కదా అని. ఒకామె పొయ్యి మీద గిన్నె దించడానికి వాడుతోంది.

"మా ఆయన బండి తోలేటప్పుడు తొడుక్కుంటన్నాడమ్మా" అంది మస్తానమ్మ. "ఎర్రటియ్యి గదా, ఈరోలాగున్నాడు. ఇంకో జత ఉంటే ఇయ్యి, మా మరిది అడుగుతన్నాడు."

ఆ సాయంత్రం ఆఫీసులో నజీర్ అన్నకు రికార్డింగ్ ఇచ్చాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మొదలుపెట్టాడు. కాసేపటికి నవ్వు ఆపుకోలేక చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"చెల్లెమ్మా, ఇది ఇంటర్వ్యూనా, ప్రార్థన కూడికా? సరే గానీ, వీళ్లకి నువ్వు ఏమవుతావు?"

"శుక్రవారం కూడికలో వాక్యం చెబుతాను. టీచరమ్మ అంటారు."

"పోయిన శుక్రవారం ఏం చెప్పావు?"

ముఖం పక్కకు తిప్పుకుని టేబులు మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"చెప్పమ్మా."

"బైబిల్లో, అరణ్యంలో సణిగిన ప్రజల గురించి చెప్పానన్నా."

"సణిగితే ఏమైంది వాళ్లకి?"

"పాములు కరిచాయి."

నజీర్ అన్న కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "శుక్రవారం నాడు సణిగితే పాములు కరుస్తాయని చెప్పి, సోమవారం పొద్దున్నే వెళ్లి సణగండమ్మా, రికార్డు చేసుకుంటానన్నావా! ఎవరు సణుగుతారు తల్లీ?"

నాకూ నవ్వు ఆగలేదు. వాళ్లు చెప్పినవి అబద్ధాలు కావు. టీచరమ్మ ప్రశ్న అడిగింది, పాఠం ఒప్పజెప్పారు. అంతే. నిజం చెప్పాలంటే ఆ పాఠం వాళ్లకు అంత బాగా వచ్చినందుకు లోలోపల కొంచెం సంతోషం కూడా వేసింది.

అప్పుడు నజీర్ అన్న నెమ్మదిగా చెప్పాడు. బాగున్నాయా అని అడిగితే బాగున్నాయన్న జవాబు ఆ ప్రశ్నలోనే ఉంటుంది. దాన్ని లీడింగ్ క్వశ్చన్ అంటారు, జవాబును చెయ్యి పట్టుకుని నడిపించుకువచ్చే ప్రశ్న. కష్టం ఏంటి అని అడగడం ఇంకో రకం. మా వృత్తిలో వాడేవాళ్ల కష్టాలను పెయిన్ పాయింట్స్ అంటారు, వాటి కోసమే వెతుకుతాం. కానీ వాటిని పేరు పెట్టి పిలిస్తే బయటకు రావు.

"కష్టం అడగకు. జరిగింది అడుగు. నిన్న ఏం జరిగింది, చివరిసారి ఏం జరిగింది, ఆ తరువాత ఏమైంది. మా నాన్న గాజుల సంగతి చెప్పానా లేదా? ఇంకో మాట. వాళ్లు చెప్తూ చెప్తూ ఆగుతారు. అప్పుడు నువ్వు నోరు తెరవకు. ఓదార్చకు, వాక్యం చెప్పకు, ప్రార్థన చెయ్యకు. అవన్నీ తరువాత చేద్దువుగాని. ఆ ఆగిన చోటే అసలు మాట ఉంటుంది."

ఆ రాత్రి మోకరించినప్పుడు నాకు తట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పడం మావాళ్లకు ఎవరో నేర్పాలా? మా సంఘంలో ప్రతివారూ చిన్ననాటి నుంచి చేసేది అదే కదా. సాక్ష్యం! పోయిన వారం ఏం జరిగింది, ఎక్కడ ఆగిపోయాను, దేవుడు ఎలా దాటించాడు. సాక్ష్యంలో కష్టం చెప్పుకుంటే అది సణుగుడు కాదు, స్తుతికి ముందు మాట. నేను తప్పు తలుపు తట్టాను, అంతే. పక్క తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది.

శనివారం షెడ్డులో ముందు నా సంగతి తేల్చుకున్నాను. "నేను ఇవాళ టీచరమ్మగా రాలేదు. ఇది పరీక్ష కాదు" అన్నాను.

"నువ్వే గదమ్మా సణగొద్దన్నావు?" అన్నారు దేవకరుణమ్మ గారు, నిజంగానే సందేహం వచ్చి. "మళ్లా నువ్వే కష్టాలు చెప్పమంటివి. మా నోళ్లకి తాళమేసి తాళంచెవి నువ్వే పట్టుకుపోతివి."

అందరూ గొల్లున నవ్వారు. "కష్టాలు వద్దు పిన్ని గారూ" అన్నాను. "నిన్న మీరు పని దిగిన దగ్గర నుంచి పడుకునేదాకా ఏం జరిగిందో చెప్పండి. కూడికలో సాక్ష్యం చెప్పినట్టు."

ఆవిడ ముఖం విప్పారింది. ఒళ్లో మిరపకాయలు దులిపి లేచి నిలబడ్డారు. కొంగు తల మీదకు లాక్కున్నారు. "ప్రభువు నామంలో మీ అందరికీ నా వందనాలు" అని మొదలుపెట్టారు.

"కూకో వదినా, మైకు లేదిక్కడ!" అంది మస్తానమ్మ.

"నువ్వుండవే. సాక్ష్యం కూకొని చెప్తారంటే?" అని ఆవిడ సాగించారు. "నిన్న పని దిగి డ్రమ్ము కాడ చేతులు కడుక్కున్నా. సబ్బెట్టి రుద్దినా మళ్లా మగ్గు పట్టుకోవాల గదా, మగ్గు నిండా కారమే. ఆటో ఎక్కా. ఇంటికాడ మజ్జిగ పోసి కడుక్కున్నా. బూడిదెట్టి తోముకున్నా. ఇంతలో బిడ్డ లేచింది. రూతేమో నీళ్లు పోసుకుంటంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తంది. నేను ఉయ్యాల కాడికి పోయి..."

ఆగిపోయారు.

నా నాలుక చివర ఓదార్పు సిద్ధంగా ఉంది. దాన్ని పళ్ల వెనక పట్టి ఉంచాను. షెడ్డులో చేతులన్నీ ఆగాయి. రోడ్డు మీద ట్రాక్టరు ఒకటి పోయింది. అంత పొడుగు మౌనం నేను ప్రార్థనలో కూడా ఎప్పుడూ భరించలేదు.

"మోచేత్తో ఊపా" అన్నారు ఆవిడ చివరకు. "ఎత్తుకోలా. మొన్నామధ్య ఎత్తుకుంటే నా చెయ్యి చెంపకి తగిలింది. పూవులాటి చెంప, ఎర్రగా కందిపోయింది. ఆ పసిది ఏడిసిన ఏడుపు నా చెవుల్లోనే ఉంది. ఆ పొద్దు నుంచి ఎత్తుకోవటం మానుకున్నా. సీజనులో పని మానుకోలేం గదమ్మా. మట్టల ఆదివారం కొత్తపట్నం వియ్యపురాల్నే ఎత్తుకోమంటా. ఆమెయి చేపల చేతులు. వాసనొస్తయ్యి గానీ మండవు."

చివరి మాటకు అందరికన్నా ముందు నవ్వింది ఆవిడే. నవ్వుతూనే కళ్లు తుడుచుకోబోయి, చేతులు చూసుకుని ఆగి, భుజానికి కళ్లు ఒత్తుకున్నారు. ఏడ్చినప్పుడు కూడా తన చేతులు తనకు పనికిరావు.

ఆ తరువాత ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. ఒకరి తరువాత ఒకరు చెప్పుకొచ్చారు. బిడ్డకు పాలివ్వాలంటే భయపడే తల్లి. జడ వేయబోతే కూతురు దూరంగా పారిపోయే తల్లి. "నిద్దట్లో కన్ను నలుపుకుంటే మన ఊరంతా లేచుద్ది" అంది మస్తానమ్మ. వింటూ ఉంటే ఒకటి తెలిసింది. వీటిలో ఒక్కటీ షెడ్డులో జరిగింది కాదు. అన్నీ ఇంటి గుమ్మం దాటాక జరిగినవే. పని చేసేటప్పుడు మండే చేతులకు వాళ్లు అలవాటుపడ్డారు. ఆ చేతులు ఇంటికి రావడమే వాళ్ల బాధ.

"మరి గ్లౌజుల సంగతి?" అన్నాను.

"తొడిమ ఏలికి తగలదమ్మా దాంతో" అన్నారు దేవకరుణమ్మ గారు మెల్లగా. "ముచ్చటపడి తెచ్చావు, ఎట్టా చెప్పేది?"

ఆఫీసుకు వెళ్లి వెంకట్ గారికి చెప్పాను, వాళ్లకు కావలసింది గ్లౌజు కాదు, శుభ్రమైన చేతులతో ఇంటికి వెళ్లడం అని. ఆయన నా వైపు, నజీర్ అన్న వైపు మార్చి మార్చి చూశారు. "గ్లౌజులు అమ్ముడుపోతాయా అని కనుక్కురమ్మంటే గ్లౌజులే వద్దని వచ్చావా? మీ ఇద్దరి దేవుళ్లూ కలిసి నా గ్లౌజులు లాగేశారయ్యా!" అన్నారు. కానీ రికార్డింగ్ విన్నాక ఆయన నవ్వలేదు. "మట్టల ఆదివారం ఎప్పుడు?" అని మాత్రం అడిగారు.

నీళ్లు పోస్తే కారం పోదు, పాకుతుంది. నూనె రాస్తే వదులుతుంది. ఆ నూనెను సబ్బు తీసుకుపోతుంది. ఇది మన వంటింట్లో చాలామందికి తెలిసిందే. చిక్కు కడుక్కోవడంలో కాదు, కడుక్కున్న చేత్తో మళ్లీ మగ్గో కుళాయో పట్టుకోవడంలో ఉంది. చేత్తో దేన్నీ తాకకుండా కాలితో తొక్కితే నూనె, తొక్కితే సబ్బు, తొక్కితే నీళ్లు రావాలి. కాలితో తొక్కేది అనగానే నజీర్ అన్నా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కరోనా రోజుల్లో శానిటైజర్ కోసం పెట్టిన ఇనప స్టాండు మా మందిరం తలుపు వెనక దుమ్ము పట్టి ఉంది. అలాంటిదే నజీర్ అన్న వాళ్ల వీధి మసీదు మెట్ల దగ్గరా ఉంది.

పాస్టరు గారు మాది ఇచ్చారు. మసీదు పెద్దలు వాళ్లది ఇచ్చారు. నల్లపాడులో వెల్డింగ్ షాపతను రెండింటినీ పక్కపక్కన అతికి, నీళ్ల డ్రమ్ముకు ఇంకో పెడల్ బిగించాడు. అసలు వస్తువు చేసే ముందు తప్పులు పట్టుకోవడానికి చేసే ఇలాంటి ముతక నమూనాను ప్రోటోటైప్ అంటారు. మా దానిలో తప్పులకు లోటు లేదు. షెడ్డు గుమ్మంలో పెట్టి నేనే మొదట తొక్కి చూపించాను. నూనె సీసాలోంచి పైకి చిమ్మి, నా తల మీద పడి, చీర కుచ్చిళ్ల దాకా కారింది.

"టీచరమ్మకి అభిషేకం జరిగింది!" అన్నారు ఎవరో. స్తోత్రాలు, ఈలలు కలిసి వినిపించాయి.

పెడల్ సరిచేశాం. గోళ్ల సందున ఇంకా మంట ఉందని దేవకరుణమ్మ గారు చెబితే చిన్న బ్రష్ కట్టాం. ఈసారి బాగుందా అని నేను అడగలేదు. కడుక్కున్నాక నిన్న సాయంత్రం ఏమైందని అడిగాను. మస్తానమ్మకు అంత ఓపిక లేదు. కడిగిన వేలిని తీసుకెళ్లి తన పెదవి మీద రాసుకుంది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నాలుకతో చప్పరించింది.

"ఓసి, కారం లేదే! ఉప్పు కూడా లేదు. నా ఏలు ఇంత చప్పగుంటదా!"

అంత జరిగినా దేవకరుణమ్మ గారు బిడ్డను మాత్రం ఎత్తుకోలేదు. రోజూ స్టాండు దగ్గర కడుక్కుని, ఇంటికి వెళ్లి చీర మార్చుకుని, తన చేతిని తన చెంపకే ఆనించుకుని చాలాసేపు కూర్చుంటోందని రూతు ఫోన్‌లో చెప్పింది. "మా అమ్మకి మంట పోయింది గానీ భయం పోలేదక్కా" అంది. భయానికి మా కంపెనీలో పెడల్ లేదు. దాని కోసం మేము శుక్రవారం కూడికలో ప్రార్థన చేశాం. ఆ శుక్రవారం నేను వాక్యం తక్కువ చెప్పి, సాక్ష్యాలు ఎక్కువ విన్నాను.

మట్టల ఆదివారం వచ్చింది. మందిరం నిండా ఈతమట్టలు, పిల్లల కేకలు. కొత్తపట్నం వియ్యపురాలు కొత్త చీరలో వచ్చి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నారు. ముందు రోజు కూడా షెడ్డులో పనిచేసి వచ్చిన దేవకరుణమ్మ గారు పక్కన నిలబడి చేతులు ముడుచుకుని ఉన్నారు. పాస్టరు గారు బిడ్డను తీసుకురమ్మని పిలిచారు. ఆ పిలుపుకు బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. వియ్యపురాలు ఊపారు, ఏడుపు ఆగలేదు. ఇంకా పెరిగింది.

దేవకరుణమ్మ గారి చేతులు వాటంతట అవే చాచుకున్నాయి. బిడ్డను అందుకుని గుండెకు హత్తుకున్నారు. అరచెయ్యి సరిగ్గా ఆ చెంప కిందే ఉంది. ఆవిడ కదలలేదు. మేమెవ్వరం కదలలేదు. బిడ్డ రెండు వెక్కిళ్లు పెట్టి, ఆ అరచేతిలోకి ముఖం దూర్చి, ఆవులించింది.

ఆవిడ నడిచారు. అడుగులో అడుగు వేసుకుంటూ, నడుస్తూనే పాట ఎత్తుకున్నారు. మందిరమంతా అందుకుంది. ప్రతిష్ఠ అయ్యాక వియ్యపురాలు చేతులు చాచి "ఇటివ్వండి వదినా, అలిసిపోయారు" అంటే, "నేనివ్వను. నీ ఇంటికి పోయినాక ఎత్తుకుందువుగాని" అని బిడ్డను ఇటు వైపు తిప్పుకున్నారు. వెనక బెంచీలో నజీర్ అన్న, మస్తానమ్మ పక్కపక్కన కూర్చుని చప్పట్లు కొడుతున్నారు.

గ్లౌజుల అచ్చులకు ఆర్డర్ వెళ్లలేదు. ఆ స్టాండును మెరుగుపరిచి తయారు చేస్తున్నాం. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఇంటర్వ్యూ ఎలా చేయాలో నేను నేర్పుతున్నాను. మొదటి రోజు ఈ సంగతే చెబుతాను. బైబిల్లో కళ్లు లేని ఒక మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే, అతనికి ఏం కావాలో ప్రభువుకు తెలియదా? అయినా నీకేం చేయమంటావని అతన్నే అడిగాడు, అతను చెప్పేదాకా ఆగాడు. ఆయనే అడిగి ఆగితే, ఏమీ తెలియని నేను ఆగకపోతే ఎలా? మనిషి అక్కర వాళ్ల గౌరవం వెనక దాక్కుని ఉంటుంది. ఆ గౌరవాన్ని చెడగొట్టకుండా చెప్పుకోగలిగే దారి వాళ్ల జీవితంలో ఎక్కడో ముందే ఉంటుంది. అడిగేవాళ్లు ఆ దారి వెతుక్కుని వెళ్లాలి.

దేవకరుణమ్మ గారి అనుమతితోనే ఇది రాశాను. "రాయి గానీ, ఊరికే చదివి పక్కన పెట్టొద్దని చెప్పు. ప్రార్థన చెయ్యమను" అన్నారు ఆవిడ. అందుకని, చదువుతున్న మీరు ఎక్కడ ఉన్నవారు అక్కడే ఒక్క క్షణం ఆగి నాతో కలిసి ప్రార్థన చేయండి. ప్రభువా, ఈ సాయంత్రం మిర్చి షెడ్ల నుంచి ఇళ్లకు వెళ్లే ప్రతి చేతినీ చల్లబరచు. ఆ చేతుల కోసం ఉయ్యాలలో ఎదురుచూసే ప్రతి బిడ్డనూ దీవించు. మాకు మంచి ప్రశ్నలు నేర్పు, జవాబు వచ్చేదాకా నోరు మూసుకునే కృప దయచేయి. ఆమేన్.